రాయని పరీక్షకు తొమ్మిది మార్కులు

ఆమె అంటే నాకు కడుపుమంట. ఇప్పుడు ఈ మాట తేలిగ్గా రాస్తున్నాను గానీ, బీఎడ్ చదివిన ఆ ఏడాదంతా దానికి వేరే వేరే పేర్లు పెట్టుకున్నాను. కొన్నాళ్ళు న్యాయం అన్నాను. కొన్నాళ్ళు ఆత్మగౌరవం అన్నాను. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు కాబట్టి ఆ రెండో మాట ఏ గోడ మీద చూసినా కనిపించేది. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగినప్పుడు అమ్మా నేనూ నడిరోడ్డు మీద కూర్చుని అన్నం తిన్నాం. ఆ కోపం నిజమైనది. అందరిదీ అయిన ఆ కోపాన్ని నా సొంత కుళ్ళుకు ముసుగుగా కప్పుకున్నది కూడా అంతే నిజం.

ఆమెది కృష్ణా జిల్లా. చైతన్యపురిలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేది. మాది నల్లగొండ పక్క పల్లె. నాన్న లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాగా కుదరడంతో నా చిన్నప్పుడే ఎల్బీనగర్ వచ్చేశాం. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక రోడ్డు పక్కన ఉండే ప్రైవేటు బీఎడ్ కాలేజీలో ఇద్దరం తెలుగు మెథడాలజీయే. హాజరుపట్టీలో మా నంబర్లు పక్కపక్కన. పిల్లలకు పాఠాలు చెప్పే ప్రాక్టీసుకు నంబర్ల వరసలో ఇద్దరిద్దరిని జతలు వేసేవారు. అలా ఆమె నా నెత్తిన పడింది.

మాకు ఇచ్చిన స్కూలు దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య ఒక సందులో మూడంతస్తుల ఇంట్లో నడిచేది. ఏడో తరగతి, నలభై మంది పిల్లలు. పద్ధతి ఏమిటంటే ఒకరు పాఠం చెబుతుంటే రెండోవారు చివరి బెంచీలో కూర్చుని ఆ పాఠం ఎలా ఉందో అబ్జర్వేషన్ రికార్డులో రాయాలి. రాసింది పాఠం చెప్పినవాళ్ళకు చూపించి సంతకం తీసుకోవాలి. ఇలా ఒకరినొకరు తూచుకునే పని మా ఇద్దరికీ అప్పజెప్పడం, నన్నడిగితే, కాలేజీ చేసిన మొదటి తప్పు.

ఆమె పాఠం మొదలుపెట్టిన అయిదు నిమిషాల్లోనే నాకు అర్థమైపోయింది. ఆమె గొంతు పెంచలేదు. బల్ల మీద చెయ్యి చరచలేదు. ఉక్తలేఖనం అని బోర్డు మీద రాసి, పది వాక్యాలు నెమ్మదిగా చెప్పి, పెన్సిలు పట్టుకుని బెంచీల మధ్య తిరిగింది. తప్పు ఉన్న అక్షరం కింద చిన్న చుక్క పెట్టి ముందుకు పోయేది, అంతే. పిల్లలు ఆ చుక్క ఎందుకు పడిందో తలలు దగ్గర పెట్టుకుని వెతుక్కునేవారు. దొరికితే కేక. నాకేమో ఎర్ర పెన్ను అంటే ప్రాణం. నా పీరియడ్‌లో నోటుబుక్కు ఇచ్చేటప్పుడు పిల్లల చేతులు బిగుసుకుపోయేవి. ఆమె పీరియడ్‌లో వాళ్ళే ముందుకు తోసేవారు, 'నాకు పెట్టుండ్రి టీచర్, నాకు పెట్టుండ్రి' అని. తప్పు చూపించమని పిల్లలు ఎగబడడం నేనెక్కడా చూడలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు రికార్డులో నేను ఇలా రాశాను: గొంతు వెనక బెంచీలకు వినబడదు. నల్లబల్ల పని మెరుగుపడాలి. తరగతి మీద పట్టు అంతంత మాత్రం.

ఆమె మూడు వాక్యాలూ చదివింది. చదివి, సంతకం పెట్టి, "రేపట్నుంచి కాస్త గట్టిగా మాట్లాడతానండీ" అంది. వాదించి ఉంటే బాగుండేది. మంచితనం కూడా ఆమె ఖాతాలోకే పోవడం నేను ఓర్చుకోలేకపోయాను.

ఇంతలో ఆ స్కూల్లో తెలుగు చెప్పే టీచర్‌కు భర్త బదిలీ అయి, దసరా తరువాత మానేస్తోందని తెలిసింది. హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచింది. పిల్లలు, టీచర్లు అందరూ ఆమెను పెద్ద మేడం అనేవారు. "మీ ఇద్దర్లో ఒకరిని తీసుకుంటానమ్మా. మీ టెస్ట్ రికార్డులు రానివ్వండి, చూసి చెప్తా" అంది. మా వంశంలో అంతవరకూ ఎవరూ టీచర్ కాలేదు. గుమస్తా పని ఎక్కడిదాకా పోతుందో నాన్నకు తెలుసు కాబట్టి, ఇంటి ముందు నన్ను ఎవరైనా టీచర్ అని పిలవాలని ఆయనకు మహా కోరిక. నాకు అంతకంటే ఎక్కువ. ఆ కుర్చీ నాది కావాలి. నాది కాకపోయినా ఫరవాలేదు, ఆమెది మాత్రం కాకూడదు అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

టెస్ట్ రికార్డు అంటే చెప్పాలి. మాకు పరీక్షల్లో రకాలు బట్టీ పట్టించారు. సాధన పరీక్ష అనేది పిల్లవాడు చెప్పిన పాఠంలో ఎంత నేర్చుకున్నాడో కొలుస్తుంది. దానికి మార్కులు, పట్టిక, గ్రాఫ్ అన్నీ ఉంటాయి. లోపనిర్ధారణ పరీక్ష అనేది ఎక్కడ తడబడుతున్నాడో వెతుకుతుంది. దానికి మార్కులు వెయ్యకూడదు, తడబడిన చోటు రాసుకోవాలి, మళ్ళీ అక్కడ నేర్పాలి. ఏదో ఒకటి ఎంచుకుని నిజంగా పిల్లలకు పెట్టి రికార్డు రాయాలి. నేను సాధన పరీక్ష తీసుకున్నాను. గ్రాఫ్ అందంగా వస్తుంది. ఆమె రెండోది తీసుకుంది. తీసుకుంటుందని నాకు తెలుసు.

ఇరవై అయిదు మార్కులకు ప్రశ్నపత్రం తయారు చేశాను. ఖాళీలు, జతపరచడాలు, అర్థాలు, సొంత వాక్యాలు. చక్కగా టైపు చేయించాను. పరీక్ష పెట్టే ముందు పిల్లల చేత పాఠం ఒకసారి పైకి చదివిద్దామని ఒక శుక్రవారం అడిగాను, ఎవరు చదువుతారని. రెండో బెంచీ పిల్ల ఒకతి లేచింది. సన్నగా ఉంటుంది, రెండు జడలు, మాటకారి. చదవడానికే లేచిందనుకున్నాను.

"టీచర్, నేను గా టీచర్‌కే చదివి ఇనిపిస్త" అంది, చివరి బెంచీ వైపు చూపించి.

క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల పొగరుతో అనలేదు. అడిగారు కదా అని ఉన్నమాట చెప్పింది. చివరి బెంచీలో ఆమె తల దించుకుని నా అబ్జర్వేషన్ రాస్తూ ఉండిపోయింది. నవ్వి ఉంటే ఒక తిట్టు తిట్టుకుని మరిచిపోయేదాన్ని. నవ్వలేదు. నా మీద జాలిపడుతోందనుకున్నాను, చెవులు వేడెక్కిపోయాయి.

సోమవారం పరీక్ష పెడదామనుకున్నాను. ఆదివారం నుంచే అంతా మారిపోయింది. సమ్మె. స్కూళ్ళకు తాళాలు, సిటీ బస్సులు డిపోల్లో, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పొడుగునా కోచింగ్ సెంటర్ల షట్టర్లు కిందికి. ఒక వారం అనుకున్నది రెండు వారాలైంది, మూడైంది. కాలేజీ మాత్రం రికార్డులు ఇవ్వాల్సిన తేదీ మార్చలేదు. పిల్లలు లేకుండా పరీక్ష ఎలా పెట్టాలని ఫోన్‌లో సీనియర్‌ని అడిగితే ఆమె నవ్వింది. "పిల్లలుంటే మాత్రం ఎవరు పెట్టిన్రే? ముందు గ్రాఫ్ గీసుకో. నడుమ ఎత్తు, రెండు దిక్కుల డౌను. దానికి తగ్గట్టు మార్కులేసుకో. అందరం గట్లనే చేసినం" అంది.

నాకు పెద్దగా సిగ్గు కూడా వెయ్యలేదు. ఒక మధ్యాహ్నం మా ఇంటి వరండాలో చాప వేసుకుని కూర్చున్నాను. ముందు గ్రాఫ్ గీశాను. తరువాత మార్కులు వేశాను. ఆ తరువాతే పేర్లు. హాజరుపట్టీ నుంచి ఎక్కించుకున్న నలభై పేర్లలో, రోజూ గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్ళకు, నాకు సుద్దముక్కలు తెచ్చిచ్చేవాళ్ళకు ఇరవై పైన వేశాను. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాళ్ళు మధ్యలోకి వెళ్ళారు. గ్రాఫ్ చివర దిగాలంటే కొందరికి తక్కువ పడాలి కదా. కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఒకతి ఉండేది, పేరు ఉంది గానీ మొహం ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. ఆ పిల్లకు ఎనిమిది వేశాను.

రెండో బెంచీ పిల్ల పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఆగిందంటే ఆలోచించానని కాదు, కావాలని ఆపాను. రుచి చూసినట్టు ఒక్క క్షణం ఆపి తొమ్మిది వేశాను. గా టీచర్‌కే చదివి ఇనిపిస్త. ఇనిపించు. పరీక్ష తేదీ సమ్మెకు ముందు శనివారం అని వేశాను. వీధి చివర ఉద్యమం పాటలు పాడే ధూంధాం వాళ్ళ డప్పులు మోగుతున్నాయి. ఎన్నాళ్ళ తరువాతో మనసు చల్లబడింది, అమ్మ చాయ్ ఇస్తే రెండు గ్లాసులు తాగాను.

ఆమె ఏం చేసిందో రికార్డులు ఇచ్చిన రోజు తెలిసింది. రెండో బెంచీ పిల్ల వాళ్ళమ్మ ఆ చైతన్యపురి హాస్టల్లోనే వంట చేస్తుందట. స్కూలు లేదు కాబట్టి పిల్లను వెంట తెచ్చుకునేదట. ఈవిడ ఆ పిల్లనూ, ఆ పిల్ల చేత చుట్టుపక్కల ఇళ్ళలోని క్లాసు పిల్లలనూ పిలిపించి, హాస్టల్ డాబా మీద రోజూ గంటసేపు కూర్చోబెట్టిందట. మొత్తం పదకొండు మంది. రాయించింది, చదివించింది, కథ చెప్పించుకుంది. రికార్డులో పదకొండు కాగితాలు, వాటి నిండా పెన్సిలు చుక్కలు.

మా లెక్చరర్ విసుక్కున్నాడు. "పదకొండు మందేందమ్మా? క్లాసు నలభై కదా? పట్టిక ఎక్కడ, గ్రాఫ్ ఎక్కడ?" అని అందరి ముందూ అడిగాడు. ఆమె సమ్మె సంగతి చెప్పబోయింది. "మరి ఈ అమ్మాయి నలభై మందికీ పెట్టింది కదా, సమ్మె ఈమెకు లేదా?" అని నా రికార్డు పైకెత్తి చూపించాడు. ఆమె నా గ్రాఫ్ వైపు చూసింది. ఆ శనివారం ఇద్దరం కాలేజీ క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నామని, పరీక్ష ఏదీ జరగలేదని ఆమెకు తెలుసు. అయినా తన రికార్డు వెనక్కి తీసుకుని వెళ్ళి కూర్చుంది. నాకు ఆ పూట ఎంత హాయిగా ఉందో రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు, అయినా ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఉద్యోగం నాకే వచ్చింది. అమ్మ కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టింది. నాన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అందరికీ చాయ్ చెప్పాడు. మా కాలేజీలో హాజరు పట్టించుకునేవాళ్ళు లేరు కాబట్టి, సమ్మె విరమించి స్కూలు తెరవగానే చేరిపోయాను.

మొదటి రోజే పెద్ద మేడం నన్ను గదిలోకి పిలిచి, ఏడో తరగతిని రెండు సెక్షన్లు చేస్తున్నామని చెప్పింది. బాగా చదివే ఇరవై మంది ఏ సెక్షన్. వాళ్ళకు సాయంత్రం ఒక గంట బయటి లెక్చరర్లు వచ్చి ఫౌండేషన్ కోచింగ్ ఇస్తారు. మిగతా ఇరవై మంది బి సెక్షన్, పైన రేకుల గదిలోకి. సమ్మెలో పోయిన రోజులకు తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారని, వాళ్ళకు ఏదో ఒకటి చేసి చూపించాలని ఆమె తొందర.

"క్వార్టర్లీ పరీక్షలు సమ్మెలో కొట్టుకుపోయాయి. ఏడో తరగతికి ఈ మధ్య పరీక్ష పెట్టింది నువ్వొక్కదానివే. మంచి పని చేశావు" అంటూ టేబుల్ మీద నా రికార్డు తెరిచింది. ఎక్కువ నుంచి తక్కువకు రాసిన మార్కుల పట్టిక మీద స్కేలు పెట్టి, ఒక్కొక్క పేరు లెక్కపెడుతూ ఇరవైయ్యో పేరు దాకా కిందికి జరిపింది. అక్కడ ఎర్ర గీత గీసింది.

చెప్పడానికి నాకు ఆ స్కేలు జరిగినంత సేపు టైముంది. రికార్డు అబద్ధమంటే ఉద్యోగం పోతుంది, పోయిన ఉద్యోగం ఎవరికి పోతుందో కూడా తెలుసు. అది తలచుకునే నోరు కట్టేసుకున్నాను.

మార్కులు, పరీక్ష తేదీతో సహా లిస్టు గోడ మీద అంటించారు. నన్ను బి సెక్షన్‌కు క్లాస్ టీచర్‌ను చేశారు. రేకుల గదిలో రెండో బెంచీలోనే కూర్చుంది ఆ పిల్ల. ఇదివరకటి మాటలు లేవు. మూడో రోజు ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, నాకు తొమ్మిదే వచ్చినయా?"

"ఆఁ."

"గా పరీక్ష నేనెప్పుడు రాసిన టీచర్? నాకు యాదికొస్తలేదు."

నేను డస్టర్ వెతుకుతున్నట్టు బల్ల కింద చూశాను. "రాశావు, మరిచిపోయినట్టున్నావు" అన్నాను. పన్నెండేళ్ళ పిల్ల. టీచర్ చెప్పింది కాబట్టి తనే మరిచిపోయి ఉంటుందనుకుంది. తల ఊపి వెళ్ళిపోయింది.

మరునాడు వాళ్ళమ్మ వచ్చింది. హాస్టల్లో చపాతీలు చేసి చేసి మోచేతుల దాకా పిండి మరకలు. గొడవకు వచ్చిందేమోనని ముందే మొహం గంటు పెట్టుకున్నాను. ఆమె చెప్పులు బయట విడిచి, గోడకు ఆనుకుని నిలబడింది.

"మేడం, ఏమనుకోకుండ్రి. గా శనివారం దీనికి జరం. పొద్దుగాల నుంచి దవాఖాన్ల కూసున్నం. ఇగో చిట్టి" అని మందుల చీటీ చూపించింది. తేదీ సరిగ్గా నేను వేసిన తేదీయే. "దీని పేరు మీద ఎవరి కాయితమో కలిసినట్టుంది. మీరు గంత మందిని సూసుకుంటరు, ఒకటి అటు ఇటు అయితది. జర సూడుండ్రి మేడం. ఏ సెక్షన్ల ఉంటె ఆ పొద్దుమీకి క్లాస్ దొరుకుతది. బయట నేను పెట్టియ్యలేను."

ఆ రోజు ఎవరు రాలేదో హాజరుపట్టీ చూసుకోవాలన్న సంగతి నాకు తట్టనే లేదు. నేను చేసిన తప్పుకు సాకు కూడా ఆ తల్లే తెచ్చి చేతిలో పెట్టింది. "చూస్తాను" అన్నాను. ఆమె నాకు దండం పెట్టింది.

ఆ సాయంత్రమే చైతన్యపురి వెళ్ళాను. నాకు జతపడిన ఆమె దగ్గర, డాబా మీద ఆ పిల్ల రాసిన నిజమైన కాగితం ఉంది. దాన్ని చూపించి, ఇదీ అసలు కాగితం, పొరపాటున మారింది అని పెద్ద మేడంతో చెప్పవచ్చు. నా ఉద్యోగం ఉంటుంది, ఆ పిల్ల కింద ఏ సెక్షన్‌కు వస్తుంది. దారంతా ఇదే లెక్క. ఆమెను అడగాల్సి రావడమే కష్టంగా ఉంది.

హాస్టల్ గదిలో నాలుగు మంచాలు. ఆమె మంచం కింద పుస్తకాల పెట్టె. ఎందుకొచ్చానో సగం చెప్పేసరికే ఆమె కట్ట తీసి, ఆ కాగితం వెతికి ఇచ్చింది. వంకర అక్షరాలు, చాలా చుక్కలు. కింద పెన్సిలుతో ఆమె రాసుకున్నది: కథ చాలా బాగా చెబుతుంది. రాసేటప్పుడు తొందరలో ఒత్తులు వదిలేస్తుంది. నెమ్మదిగా రాయిస్తే తప్పులు సగం తగ్గాయి.

వెనక్కి తిప్పి చూశాను. పైన చూశాను. "మార్కులు ఏవి?" అన్నాను.

"లోపనిర్ధారణకి మార్కులు వెయ్యకూడదు కదండీ. మీరూ నేనూ కలిసే చదివాం."

పెద్ద మేడంకు కావాల్సింది అంకె. ఆ కాగితంలో ఆ పిల్ల అంతా ఉంది, అంకె తప్ప. నేను అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"మీ రికార్డులో ఈ పాపకి ఎంతేశారు?"

"తొమ్మిది."

"ఎందుకండీ?"

అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. "మీ మీద కోపానికి ఏసిన. మీరంటే నాకు పడదు. మొదటి రోజు నుంచి పడదు" అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది, అది కూడా ఆమె ముందు.

ఆమె కట్టకు తాడు చుడుతూ ఉంది. "నా మీద కోపం నా అబ్జర్వేషన్ రికార్డులో రాశారు కదా. నేను సంతకం కూడా పెట్టాను. అక్కడితో ఆగాల్సింది" అంది.

అంటే మొదటి నుంచీ తెలుసన్నమాట. తెలిసే సంతకం పెట్టింది. హాస్టల్ మెట్లు దిగుతూ కూడా, ఇంత అవమానంలోనూ, ఆ మాట అంత కుదురుగా నేను ఎందుకు అనలేనని ఆమె మీద కుళ్ళుకున్నాను.

మరునాడు పొద్దున్నే పెద్ద మేడం గదికి వెళ్ళాను. "మేడం, ఆ పిల్లకు తొమ్మిది నేను ఊరికే వేసిన. పరీక్ష పెట్టనే లేదు" అన్నాను.

ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది. "ఆ ఒక్క పిల్లకా, అందరికీనా?"

"అందరికీ."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నన్ను పొమ్మంటుందని అనుకున్నాను. అనలేదు. నన్ను పొమ్మంటే కారణం నలభై ఇళ్ళకు చెప్పాలి. "చూడమ్మా, లిస్టు గోడకెక్కింది. ఏ సెక్షన్ వాళ్ళు కోచింగ్‌కి చేరిపోయారు. ఇప్పుడిది కదిపితే స్కూలు మొత్తం కదుల్తుంది. ఒక్క పిల్లకి మార్కులు కూడడంలో పొరపాటు జరిగిందని రాసివ్వు. పందొమ్మిది అని వెయ్యి" అంది.

తెల్ల కాగితం ముందుకు తోసింది. రాయనని అంటే అక్కడితో తేలిపోయేది. నేను రాశాను. సంతకం పెట్టాను. ఆ పందొమ్మిది కూడా ఎవరూ రాయని పరీక్షకే వేశాను.

ఆ పిల్ల సంచి సర్దుకుని కిందికి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగితే థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాను. "టీచర్, గా టీచర్ మల్ల మన బడికి ఎప్పుడొస్తది?" అని అడిగింది. రాదని చెప్పాను. రేకుల గదిలో పందొమ్మిది మంది మిగిలారు. వాళ్ళ అమ్మలు ఎవరూ చీటీలు తీసుకుని రాలేదు.

వారం తరువాత ఉక్తలేఖనం పెట్టాను. ఎర్ర పెన్ను సంచిలోనే ఉంచి పెన్సిలు పట్టుకున్నాను. బెంచీల మధ్య ఆమెలాగే నడిచాను. కాపీ కొట్టానని ఒప్పుకుంటున్నాను. కిటికీ పక్క పిల్ల దగ్గరికి వచ్చాను. మొహం గుర్తు రాక ఎనిమిది వేసిన పిల్ల. చామనఛాయ, ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ. పది వాక్యాలూ చదివాను. ఎక్కడా చుక్క పెట్టే అవసరం రాలేదు. కాగితం ఇచ్చి ముందుకు వెళ్ళాను.

కాసేపటికి ఆ పిల్ల లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. కాగితం నా ముందు పెట్టింది.

"టీచర్, నాది మల్లొక్కసారి సూడుండ్రి."

"ఎందుకు?"

"ఒక్క సుక్క గూడ పెట్టలే మీరు. నేను బి సెక్షన్ గదా. తప్పులుంటయ్."

మళ్ళీ చూశాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలు పెట్టి చూశాను. ఒక్క తప్పూ లేదని చెప్పాను. ఆ పిల్ల అక్కడే నిలబడింది, నేను వెతకడం ఇంకా అయిపోలేదనుకుని.